ఎందుకు పలక

ఆ పొద్దున మబ్బులు పడమటి నుంచి వచ్చాయి. ఎర్రవంక ఊరి మీదికి రాగానే పలచబడి, ఆగకుండా తూర్పుకు పోయాయి. నలభైరెండో తూము గది గుమ్మంలో కూచుని కుళ్ళాయప్ప వాటినే చూస్తున్నాడు. గోడమీది వాతావరణ తెర ఐదింటికే వాన సున్నా అని చూపించింది. అయినా చూస్తున్నాడు. డెబ్భై రెండేళ్ళ మనిషి. తెర ఏం చెప్పినా ఆకాశాన్ని ఓసారి అడగందే నమ్మడు.

"రత్నా, ఇంగెంతసేపు?" అన్నాడు వెనక్కి తిరక్కుండా.

"ఇంగో అరగంట మామా," అంది లోపల్నించి గంగరత్న.

అది రెండువేల డెబ్భై తొమ్మిదో సంవత్సరం. తూము గది పక్కన పారే కాలువ కింద నలభై రెండు ఊళ్ళు. ఊరికొక తూము, తూముకొక మోటారు తలుపు. తలుపుల దగ్గర మనిషి ఉండడు. వాటిని తెరిచేదీ మూసేదీ వంతు అనే వెబ్ అప్లికేషన్. ఒక్కో ఊరికి ఎనిమిది గంటల నీళ్ళు. నలభై రెండు ఊళ్ళూ తిరిగేసరికి సరిగ్గా పద్నాలుగు రోజులు. పద్నాలుగో రోజు మధ్యాహ్నం రెండింటికి చుట్టు ముగిసి, మళ్ళీ మొదటి తూము లేస్తుంది.

వంతు ఏ కంపెనీదీ కాదు. దాని కోడ్ అంతా బహిరంగ కోశంలో ఉంటుంది. ఎవరైనా చదవొచ్చు, ఎవరైనా మార్చొచ్చు. మార్పును కోశంలో పెట్టడాన్ని చదువుకున్నవాళ్ళు కమిట్ అంటారు, కాలువ మీద దాఖలు అంటారు. దాఖలు చేసిన మార్పును మిగతా నలభై ఒక్క ఊళ్ళ తనిఖీదారులు చూడాలి. సగానికి మించి ఒప్పుకుంటే యంత్రాలు కోడ్‌నంతా మొదటినుంచి కలిపి, పరీక్షించి, పనిచేసే రూపానికి తెస్తాయి. అది బిల్డ్. వీళ్ళ మాటలో కూర్పు. కూర్పుకు గంట పడుతుంది. కూర్పు నిలిస్తేనే తలుపులు కొత్త మాట వింటాయి.

పొట్టేలు కోసి కుప్పలు పెట్టినప్పుడు, కుప్పలు పెట్టినవాడు చివరి కుప్ప తీసుకోవాలనేది ఆ వైపు పాత కట్టుబాటు. వంతు మొదలుపెట్టిన రోజున పెద్దలు ఆ కట్టుబాటునే కోడ్‌లోకి ఎక్కించారు. ఏ ఊరి మనిషి దాఖలు చేస్తే ఆ ఊరు తర్వాతి చుట్టులో చివరికి పోతుంది. అందరికీ న్యాయంగానే తోచింది. ఒక్క సంగతి మాత్రం ఎవరికీ తట్టలేదు. కాలువ కొసన ఉన్న ఎర్రవంక ఎట్లాగూ చివరిదే; వెనక్కి పోయిన ఊరు కూడా దాని ముందే ఆగుతుంది. పోగొట్టుకునేది ఏమీ లేని ఊరు అదొక్కటే. దాంతో పంతొమ్మిదేళ్ళుగా దాఖలాలు చాలామటుకు ఎర్రవంకవే. మొదట కుళ్ళాయప్ప రాశాడు. ఆయన ఒకప్పుడు ఇనప తాళంచెవితో తూములు తిప్పిన లస్కరు. మోటార్లు వచ్చి పని పోయాక, యాభయ్యో ఏట కోడ్ నేర్చుకున్నాడు. ఆయన దగ్గర మేనకోడలు గంగరత్న నేర్చుకుంది.

పై ఊళ్ళకు ఇది మింగుడుపడలేదు. ఊరికే ఎవరన్నా ఇంత పని చేస్తారా అన్నారు. గంగరత్న ఏదైనా సర్దితే దాంట్లో ఏదో ఉందన్నారు. నెలరోజులు ఏమీ సర్దకపోతే ఏదో దాస్తోందన్నారు.

ఆ అనుమానంలోంచి వచ్చింది కారణదర్శి. దాన్ని తయారుచేసింది డాక్టర్ అంబుజ. మనిషి ఏదైనా పని చేసే ముందు మెదడులో ఒక మాట పుడుతుందని ఆవిడ కనిపెట్టింది. ఆ మాట నోటికి చేరేలోపల మనం దానికి బట్టలు తొడుగుతాం. బట్టలు తొడగకముందే పట్టుకోగలిగితే అదే అసలు కారణం. అరచేయంత నల్లటి పలక. దాఖలు చేసేవాడు దానిమీద చెయ్యి పెట్టాలి. చర్మం కింద నరాల కదలికను అది చదువుతుంది. మూడు నిమిషాల్లో కారణాన్ని కోశంలో దాఖలు పక్కనే రాస్తుంది, పైకి చదువుతుంది. గొంతు ఎవరిదీ కాదు. మాట తీరు మాత్రం ఆ మనిషిదే. కాలువ మీద దాన్ని ‘ఎందుకు పలక’ అన్నారు.

రెండేళ్ళ కింద ప్రతి తూము గదిలోనూ ఒకటి పెట్టారు. జనం కోడ్ చూడటం మానేసి కారణాలు చదవడం మొదలుపెట్టారు. పదిహేడో తూము పిల్ల ఒక పట్టీకి రంగు మార్చింది. "నా పేరు కోశంలో చూస్తే పెళ్ళోళ్ళు ఒప్పుకుంటారని" అంది పలక. ఇంకొకాయన రెండు అక్షరదోషాలు దిద్దాడు. "ఇంట్లో ఉంటే చెత్త పారబోయమంటాది" అంది. కాఫీ అంగళ్ళలో వీటిని గట్టిగా చదివి నవ్వుకునేవాళ్ళు. పలక మీద చెయ్యి పెట్టేముందు కొందరు దేవుణ్ణి తలుచుకునేవాళ్ళు. పలక దేవుణ్ణి పక్కకు నెట్టి, వెనకున్నదాన్నే పట్టుకునేది. మెల్లగా దాఖలు చేసేవాళ్ళు తగ్గిపోయారు. తప్పులేని మనుషులు కూడా తగ్గిపోయారు.

ఈ ఎండాకాలం ఎర్రవంకకు నీళ్ళు తగ్గాయి. ఎనిమిది గంటలు రావలసింది ఆరు గంటలైనా రాలేదు. ఈ రోజు ముగిసేదానితో కలిపి రెండు చుట్లు అంతే. ఎర్రవంకలో తొంభై ఇళ్ళు, నాలుగువేల చీనీచెట్లు, బయట బత్తాయి అంటారు. చెట్లన్నీ పిందె మీదున్నాయి. మూడో చుట్టు కూడా తగ్గితే పిందె రాలుతుంది. ఇరవయ్యేళ్ళ చెట్లు కొమ్మలెండి ఎండుపుల్ల పడితే మళ్ళీ లేవవు. ఊరు ఊరంతా గంగరత్న మొహం చూస్తోంది. కొత్త చుట్టు ఈ రోజు రెండింటికి మొదలు. ఒంటిగంట లోపల ఒప్పుదల వచ్చి కూర్పు మొదలవకపోతే, మళ్ళీ పద్నాలుగు రోజులు పాత కోడే నడుస్తుంది.

కోశంలో ఎక్కడో తప్పు పడిందని గంగరత్నకు తెలుసు. నీళ్ళు సరిగ్గా వచ్చిన నాటినుంచి ఇప్పటిదాకా ముప్పై రెండు దాఖలాలు. అందులో ఒకటి మొదటి తూము మొగదలపల్లిది. ఆ ఊరి తనిఖీదారు చిదానంద, కాలువ మొత్తానికి పెద్ద. ఆయన కూతురు వనజాక్షి తెరమీది అక్షరాలు పెద్దవి చేసింది. "తెర చూసినప్పుడల్లా నాయన మొకం చిన్నబోతాండాది" అని పలక రాసింది. అంత చిన్న పనికి మొగదలపల్లి తన మొదటి వంతును ఒక చుట్టు వదులుకుంది. గంగరత్న దాన్ని నమ్మలేదు. ఊరికే ఎవరన్నా వదులుకుంటారా అనుకుంది. అది పై ఊళ్ళవాళ్ళు తన గురించి అనే మాటేనని ఆమెకు తోచలేదు.

కాలువకు గండి ఎక్కడ పడిందో వెతకాలంటే లస్కర్లు పై నుంచి కిందిదాకా నడవరు. సగం దూరం పోయి చూస్తారు. అక్కడ నీళ్ళు సరిగ్గా ఉంటే గండి కిందుంది, లేకపోతే పైనుంది. మళ్ళీ అందులో సగం. కుళ్ళాయప్ప నేర్పిన ఆ పద్ధతిలోనే గంగరత్న దాఖలాల్లో వెతికింది. పదహారో దాఖలు దాకా కోడ్ కూర్చి, నలభై రెండు తూముల బొమ్మకాలువలో నీళ్ళు వదిలింది. తప్పు మొదటి పదహారులోనే తేలింది. మొగదలపల్లిది పంతొమ్మిదోది. గంగరత్న నమ్మక మళ్ళీ నడిపింది. మళ్ళీ అంతే. తర్వాత ఎనిమిది, పన్నెండు, పది. రెండు రోజులు పట్టింది. ఇప్పుడు చివరిది నడుస్తోంది. పదకొండోదా, పన్నెండోదా?

పదకొండోది.

తెర మీద పేరు చూసి గంగరత్న కుర్చీలో వెనక్కి వాలింది. పేరు కింద కారణం కూడా ఉంది. ఆ కారణం కాలువ మీద తెలియనివాళ్ళు లేరు. బళ్ళ గోడల మీద కూడా రాశారు: "తలుపు దబ్బున లేస్తే కాలవలో దిగిన గొడ్లు కొట్టుకపోతాయి. మూగజీవాలు. మెల్లగా లేయల్ల." ఉగాది ముందరి దాఖలు. నలభై ఒక్క ఊళ్ళూ ఒక్క రోజులో ఒప్పుకున్నాయి.

గుమ్మంలో కుళ్ళాయప్ప ఇంకా మబ్బుల్నే చూస్తున్నాడు.

ఆమె తప్పును మళ్ళీ చూసింది. తలుపు లేవడానికి ఇప్పుడు మూడు నిమిషాలు పడుతుంది. గడియారం తలుపు పూర్తిగా లేచాక మొదలవుతోంది. లేవకముందు మొదలవ్వాలి. రెండు లైన్లు తారుమారయ్యాయి, అంతే. ఊరికి మూడు నిమిషాలు ఎక్కువ, నలభై ఒక్క ఊళ్ళు. చుట్టు మాత్రం రెండింటికి ముగియాల్సిందే. రెండు గంటల మూడు నిమిషాలు చివరి తూము దగ్గర తెగిపోతున్నాయి. కూర్పు పరీక్ష దీన్ని ఎందుకు పట్టలేదో కూడా ఆమెకు తెలుసు. ఆ పరీక్ష రాసింది తనే. తొందరగా కావాలని అందులో ఆరు తూములే పెట్టింది. తేడా పదిహేను నిమిషాలు వచ్చింది. ఇరవై దాటితేనే అది అరుస్తుంది.

బయట బండి ఆగిన చప్పుడైంది. గంగరత్న తెర ఆర్పేసింది.

"ఏం కుళ్ళాయప్పా, మబ్బులకు గూడా దాఖలు పెడ్తాండావా?" అంటూ దిగాడు చిదానంద. అరవై దాటిన మనిషి. తెల్ల చొక్కా, జేబులో కళ్ళద్దాలు. ఆ అద్దాలు జేబులో తప్ప ముక్కు మీద ఎవరూ చూడలేదు.

"పెడితే నువ్వు ఒప్పుకోవద్దా?" అన్నాడు కుళ్ళాయప్ప.

"మూడోతూమోడు యాడబాయ? మీతో రాల్యా?" అంది గంగరత్న, ఏదో ఒకటి అడగాలని.

"వాడు చెల్లెలి పెండ్లిలో వడ్డిస్తాండాడు. ఈ పొద్దు వానికి మొగుడొచ్చినా లేచిరాడు." చిదానంద లోపలికొచ్చి గదంతా చూశాడు. "తెర ఆర్పినావేమ్మా?"

"కండ్లు మండుతాండాయన్నా."

"మేమొచ్చినప్పుడే మండినాయా?"

ఆయన వెనక డాక్టర్ అంబుజ పెట్టె పట్టుకుని వచ్చింది. పొట్టి జుట్టు, ఎండకు కమిలిన ముఖం. ఏటా ఒకసారి పలకలు సరిచూడటానికి వస్తుంది. "నమస్తే గంగరత్నగారూ. పలక పని చేస్తోందో లేదో చూడాలంటే నిజమైన దాఖలు ఒకటి కావాలి. ఈ రోజు ఏమైనా ఉందా?"

గోడ గడియారం పదకొండు దాటింది. వీళ్ళు పోయేదాకా ఆగితే చెట్లు ఆగవు.

"ఉంది మేడమ్. రెండు లైన్లు. చిన్న సవరణ."

"చిన్న సవరణ!" అన్నాడు చిదానంద. "పెద్ద దొంగతనాలన్నిటికీ అదే పేరమ్మా."

గంగరత్న తెర వెలిగించి, రెండు లైన్లనూ పైకీ కిందికీ మార్చింది. చీనీ పిందెల్ని తలుచుకుంది. గోళీకాయంత పచ్చటి పిందెలు. వాటినే గట్టిగా తలుచుకుంటూ పలక మీద చెయ్యి పెట్టింది. మూడు నిమిషాలు ఎవరూ కదల్లేదు.

పలక మాట్లాడింది: "తప్పు మామది. చిదానందన్న మీద పెట్టుకున్న అనుమానం అబద్ధమై పాయ. మామ పేరు నలుగురి నోట్లో పడకముందే దీన్ని పూడ్చల్ల."

కుళ్ళాయప్ప గుమ్మంలోంచి లేచాడు. లేవడానికి రెండుసార్లు పట్టింది.

"నాదేనా?"

"నీదే మామా."

"ఎప్పటిది?"

"మెల్లగా లేసేది."

ఆయన తల ఊపాడు. గోడకు చెయ్యి ఆనించి నిలబడ్డాడు.

చిదానంద అప్పటికే ఫోన్ తీశాడు. "నా మీద అనుమానమా? మంచిది. ఈమె పని దాచిపెట్టే పని. పలకే చెప్పింది. నేను కాదంటాండా." నొక్కాడు. తెర మీద ఒకటో తూము పక్కన ఎర్రచుక్క పడింది.

"అన్నా, కోడ్ చూడు. రెండే లైన్లు. సరిగా ఉందా లేదా చెప్పు. నన్ను తర్వాత తిట్టు."

"లైన్లు ఎవడు చూస్తాడు? కారణం చూసినాం గదా."

"మా చెట్లు పోతాయన్నా."

"అట్లయితే కడుపులో ఆ మాటే ఉండల్ల. పలక మీద చెట్టన్న మాటే రాలేదే?"

గంగరత్న తెర వైపు తిరిగింది. రెండో తూము ఎర్రచుక్క. మూడు. నాలుగు. ఐదు. కాలువలో నీళ్ళు దిగినట్టు, పై నుంచి కిందికి, వరస తప్పకుండా దిగుతున్నాయి. నాలుగు నిమిషాల్లో నలభై ఒకటీ ఎర్రబడ్డాయి.

ఆమె ఆ వరసనే చూస్తూ ఉండిపోయింది. ఎక్కడా ఒకటి ముందు, ఒకటి వెనక కాలేదు. మూడో తూము మనిషి పెళ్ళి పంక్తిలో వడ్డిస్తున్నాడని ఇందాకే విన్నది. చేతిలో గరిటె ఉన్నవాడు కోడ్ ఎప్పుడు చదివాడు?

"మేడమ్," అంది నెమ్మదిగా. "నీటిని మార్చే ప్రతి పనికీ పలక మీద చెయ్యి పెట్టాలని గదా మీ నిబంధన?"

"అవును."

"కాదనేది గూడా నీటిని మార్చేదే. నేను ఇప్పుడు మార్చినదాన్ని వీళ్ళు ఆపినారు."

అంబుజ పెట్టె కింద పెట్టింది. "నిజమే. చేసేవాళ్ళ గురించే అనుకున్నాం. ఆపేవాళ్ళ వైపు ఎవరికీ అనుమానం రాలేదు."

"నాకేం భయం?" అన్నాడు చిదానంద. "యాడ పెట్టల్ల? ఇట్లనా?" పలక మీద చెయ్యి పెట్టి, గంగరత్న వైపు చూస్తూ నిలబడ్డాడు. మూడు నిమిషాలు అట్లాగే చూశాడు.

పలక చెప్పింది: "నాకు కోడ్ చదవను రాదు. పంతొమ్మిదేండ్లుగా రాదు. కోడ్ రాదని తెలిస్తే మొదటి తూము పరువు పోతాది. అందుకే మనిషిని చూసి చెప్తా."

చిదానంద చెయ్యి తీయలేదు. తీయాలన్నది మరిచిపోయినట్టున్నాడు. కుళ్ళాయప్ప వచ్చి, ఆయన మణికట్టు పట్టుకుని పలక మీదినుంచి తీశాడు.

"ముందే చెప్పుంటే నేర్పిద్దును గదప్పా."

"నీకెట్ల చెప్పేది?" అన్నాడు చిదానంద నేల చూస్తూ. "చివరి తూమోనికి?"

అంబుజ తన పెట్టె తెరిచింది. మిగతా నలభై తూములకూ ఒక మాట పంపింది. కాదన్నవాళ్ళు అరగంటలో పలక మీద చెయ్యి పెట్టాలి, లేకపోతే ఆ మాట చెల్లదు. తర్వాత కుర్చీ లాక్కుని కూచుంది. పన్నెండు కొట్టింది. పలక ఒక్కొక్క ఊరి కారణాన్నీ చదవడం మొదలుపెట్టింది. గొంతు ఒకటే, యాసలు వేరు.

"మొదటి తూము కాదనింది."

"రెండో తూమాయన కాదన్నాడు."

"మూడో తూము కాదంటే మేం అవునంటే బాగుండదు."

మూడో తూము మనిషి పెళ్ళిలోంచి లేచి వచ్చినట్టున్నాడు. "పంక్తిలో పప్పు అయిపోతాండాది" అని కూడా రాసింది పలక. పదిహేడుది మాత్రం కొంచెం పెద్దది. "పదహారు కాదనింది. ఎందుకని అడిగితే నాకు తెలీదని తెలిసిపోతాది." ఆ తర్వాతవి మళ్ళీ చిన్నవి. ఇరవై. ముప్పై. ముప్పై తొమ్మిది. "నలభై కాదనింది" అన్న నలభై ఒకటోదాంతో అయిపోయాయి.

"నలభై ఒక్క మంది సాక్షులు," అంది అంబుజ. "నేను పత్రికల్లో అట్లాగే రాశాను. ప్రతి మార్పుకూ నలభై ఒక్క జతల కళ్ళు అని."

"ఒక జత," అన్నాడు కుళ్ళాయప్ప. "అవి గూడా జోబీలో ఉండాయి."

ఎవరూ నవ్వలేదు. ఆయన కూడా నవ్వించాలని అనలేదు.

ఎర్రచుక్కలు మాత్రం అట్లాగే ఉన్నాయి. చదివి కాదనాలని ఏ నిబంధనలోనూ లేదు. పన్నెండున్నరైంది. గంగరత్న కిటికీలోంచి తోట వైపు చూసింది. ఎండకు ఆకులు దొన్నెల్లా ముడుచుకుని ఉన్నాయి.

కుళ్ళాయప్ప చిదానంద ముందు ఇంకో కుర్చీ వేశాడు. "కూచో. అద్దాలు పెట్టుకో."

"ఇప్పుడా?"

"ఎప్పుడుమల్ల? మా చెట్లు ఎండినాకనా?"

చిదానంద అద్దాలు పెట్టుకున్నాడు. తెర దగ్గరికి వంగాడు. కుళ్ళాయప్ప తన బొటనవేలు గోటితో ఒక్కో మాట కిందా గీత గీసినట్టు చూపించాడు.

"ఇది తలుపు లేసేది. ఇది గడియారం మొదలయ్యేది. కోడ్ పై నుంచి కిందికి పోతాది, కాలవ మాదిరి. నేనేం చేసినా? తలుపు పైన పెట్టినా, గడియారం కింద పెట్టినా. మెల్లగా లేసే మూడు నిమిషాలూ నీ ఊర్లోకి నీళ్ళు పారతాండాయి, గడియారం మాత్రం నిద్రపోతాండాది."

"మూడు నిమిషాలే గదా."

"నీకు మూడే. నీ తర్వాతోనికీ మూడే. నలభై ఒక ఊర్లోనూ మూడే. ఎవరికీ తెలీవు. చివరోనికే తెలుస్తాది."

చిదానంద పెదాలు కదిలిస్తూ లెక్క వేసుకున్నాడు. "రెండు గంటల మీద అయితాది."

"అవును."

"రత్నమ్మ ఏం చేసింది?"

"నువ్వు చెప్పు. చదువు."

చాలాసేపు పట్టింది. చిదానంద వేలు పెట్టి చూశాడు, తీశాడు, మళ్ళీ పెట్టాడు. "గడియారం పైకి తెచ్చింది. తలుపు కిందికి తోసింది." తలెత్తాడు. "అంతేనా?"

"అంతే."

"దీనికేనా పంతొమ్మిదేండ్లు నేను..." ఆయన అద్దాలు తీయకుండానే పలక మీద చెయ్యి పెట్టాడు.

"చదివినా," అంది పలక. "సరిగ్గా ఉంది."

అట్లాంటి కారణం ఆ రెండేళ్ళలో ఎవరూ వినలేదు. ఒకటో తూము పక్కన ఎరుపు పోయి పచ్చచుక్క పడింది. అంబుజ కుర్చీలో ముందుకు జరిగింది. మిగతా తూముల్లో పలకల దగ్గర జనం ఇంకా ఉన్నారు. పైవాడి చుక్క మారడం చూసి కిందివాడు వెంటనే నొక్కి, పలక మీద చెయ్యి పెట్టాడు. పచ్చచుక్కలు కిందికి దిగసాగాయి.

"మొదటి తూము ఒప్పుకునింది."

"రెండోది ఒప్పుకునింది."

"మూడు ఒప్పుకునింది. పెద్దాయన ఊరికే ఒప్పుకోడు."

ఇందులో ఒక్కటైనా వేరేగా ఉంటుందేమోనని అంబుజ చివరిదాకా వింది. పదిహేడు దగ్గర వేలు బల్ల మీద ఆగింది. "పదహారు ఒప్పుకునింది." ఇరవై తొమ్మిది దగ్గర కళ్ళు మూసుకుంది. నలభై ఒకటి అయ్యాక, చదివినా అన్నవాళ్ళను వేళ్ళమీద లెక్కపెట్టబోయి, ఒకటి దగ్గర చెయ్యి దించేసింది.

ఒంటిగంటకు ఎనిమిది నిమిషాలుంది. నలభై ఒక్క పచ్చచుక్కలు. ఇంక మిగిలింది ఒక్కటే పని. దాఖలు చేసినవాళ్ళే చివరగా చెయ్యి పెట్టి కూర్పును మొదలుపెట్టాలి.

"గంగరత్నగారూ," అంది అంబుజ. ఆవిడ గొంతు తగ్గింది. "ఇప్పుడు ఒప్పుకున్నది కూడా, ఇందాక కాదన్నది కూడా ఒకటే. మీకు తెలుసు కదా."

"తెలుసు మేడమ్."

"కావాలంటే ఆపి, అందరినీ చదవమని అడగొచ్చు. మీకు ఆ హక్కుంది. చదివే చెప్పాలనే నిబంధన ఇవాళ పెడితే మళ్ళీ ఎప్పుడూ ఇట్లా జరగదు."

"ఎంతసేపైతాది?"

"నేర్పాలి. వారం. పది రోజులు."

గంగరత్న కుళ్ళాయప్ప వైపు చూసింది. ఆయన ఆమె వైపు చూడటం లేదు. చిదానంద అద్దాల్లోంచి ఆమెనే చూస్తున్నాడు. కొత్తగా చదవడం వచ్చినవాడు అన్నిటినీ చదవాలని చూసినట్టు చూస్తున్నాడు.

ఆమె పలక మీద చెయ్యి పెట్టింది. ఈసారి దేన్నీ తలుచుకోలేదు. మూడు నిమిషాలు గడిచాయి.

"వాళ్ళు చదవలేదని నాకు తెలుసు," అంది పలక. "నాకు కావాల్సిందాన్ని ఒప్పుకున్నారు. ఇంగ నేనెందుకడగల్ల."

కూర్పు మొదలైంది.

అంబుజ తన పెట్టె మూసింది. చిదానంద అద్దాలు తుడుచుకున్నాడు. ఎవరూ గది వదిలి పోలేదు. తెర మీద కూర్పు గీత మెల్లగా నిండింది. పరీక్షలోని తూముల లెక్క మార్చడానికి దాఖలు అక్కర్లేదు; ఈసారి గంగరత్న ముందే నలభై రెండూ పెట్టింది. ఒక్కో తూమూ దాటుతుంటే నలుగురూ చూశారు. రెండింటికి ఐదు నిమిషాలుండగా కూర్పు నిలిచింది. రెండింటికి మొగదలపల్లిలో తలుపు మెల్లగా లేచింది. గడియారం దానికంటే ముందే మొదలైంది. ఎర్రవంక వంతు చివర ఎనిమిది గంటలని తెర చూపించింది.

కుళ్ళాయప్ప పొయ్యి దగ్గరికి పోయాడు. పొద్దున కెలికి పెట్టిన రాగిసంగటి గిన్నె దించాడు. చెనిక్కాయలు నూరిన ఊరిబిండి పచ్చడి తీశాడు. ఉల్లిపాయలు పగలగొట్టి నాలుగు పళ్ళేల్లో పెట్టాడు. గదిలో చాప ఒకటే ఉంది. నలుగురూ దానిమీదే కూచున్నారు, మోకాళ్ళు తగులుతూ. నల్లపలక బల్ల మీద వాళ్ళ తలలకంటే ఎత్తులో ఉంది. దాని వైపు ఎవరూ చూడలేదు.

సంగటి ముద్దలు విరుచుకుని తిన్నారు. ఊరిబిండిలో కారం ఎక్కువైంది. చిదానంద కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అంబుజ రెండుసార్లు నీళ్ళ చెంబు అందుకుంది. గంగరత్నకు ముక్కు కారింది. బాగుందా అని కుళ్ళాయప్ప అడగలేదు. కారమని ఎవరూ అనలేదు.